పేర్లు అయ్యేదాకా

పోయిన మంగళవారం పొద్దున మా పిన్ని పోయింది. మా ఊరు సిప్పీఘాట్ నుంచి ఫోను వచ్చేసరికి నేను బస్సులో ఉన్నాను. తర్వాతి స్టాపులో దిగి, ఎటు వెళ్ళాలో తోచక రోడ్డు పక్కన చాలాసేపు నిలబడిపోయాను.

పిన్ని వారమంతా ఆఫీసులో గుమాస్తా. సెలవు దొరికితే డాక్యుమెంటరీలు తీసేది. మొదట్లో ఓడెక్కి వచ్చి, అడవి కొట్టుకుని ఈ దీవుల్లో స్థిరపడినవాళ్ళ కథల కోసం డిగ్లీపూర్ దాకా బస్సుల్లో నడుం విరగ్గొట్టుకుంది. కెమెరా ముందు ఎవరు కూర్చున్నా ఒకటే మాట: "ముందు నీ పేరు సెప్పు. కత తరవాత." తీసిన సినిమా మా చర్చి హాల్లో వేసేది. ఆఖర్న పేర్లు మొదలవగానే వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడేది.

"కత ఇచ్చినోళ్ళకి వందనం సెప్పకుండా పోతారేటి? బైఠో, కూసోండి!"

ఆ తలుపు దగ్గర ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు లేరు, పాస్టరు గారితో సహా.

చౌల్దారీలో ఒక అవ్వ ఉంది. వాళ్ళ పొలంలో బావి ఎవరు తవ్వారని పిన్ని అడిగితే "మా ఇంటాయనే" అంది. పిన్ని నోటుబుక్కులో అలాగే రాసుకుంది. కెమెరా కట్టేసి టీ తాగుతుంటే అవ్వ మెల్లగా బయటపడింది. "ఆయనప్పుడు జొరంతో మంచాన ఉన్నాడమ్మా. తవ్వింది నేనే. మొగుడి పేరు సెప్పకపోతే బాగోదని..." పిన్ని మళ్ళీ కెమెరా తెరిచింది. సినిమాలో నిజమే ఉంది. నోటుబుక్కులో మాత్రం దిద్దడం మరచిపోయింది.

మెయిన్‌లాండ్ నుంచి ఒక పెద్ద కంపెనీ వాళ్ళు వచ్చి అడిగితే ఆ నోటుబుక్కే కాపీ తీసి ఇచ్చింది. సినిమాలో పిన్ని పేరు వేస్తామన్నారు. ఏడాదికి వాళ్ళ సినిమా టీవీలో వచ్చింది. ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. బావి వచ్చింది. తవ్వింది ఇంటాయనే అన్నారు. ఆఖర్న "స్థానికులకు కృతజ్ఞతలు" అని ఒక్క ముక్క.

పిన్ని ముందు నవ్వింది. "నా గల్తీ కూడా ఎత్తుకెళ్ళినారు. పేరు మాత్రం నా కాడే వదిలేసినారు!" తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. ఆ కంపెనీ మీద నాకు ఇప్పటికీ కోపమే.

మర్నాడే చౌల్దారీ వెళ్ళి, తప్పు తనదని అవ్వకు చెప్పుకుంది. కంపెనీకి ఉత్తరాలు నా చేత రాయించింది. మూడో ఉత్తరానికి బావి సంగతి దిద్ది, అవ్వ పేరు వేశారు. పిన్ని పేరు వేయలేదు.

"పోనీలే పిన్నీ" అన్నాను.

"అవ్వ పేరు వచ్చినాది, సంతోసం. నాదీ రావాల. తిరిగింది నేను కాదేటి? పోనీలే అనకు."

నాలుగో ఉత్తరం సగంలో ఉండిపోయింది. అది నేను పూర్తిచేస్తాను.

మొన్న పిన్ని కోసం చర్చి హాల్లో పెట్టిన ఆదరణ కూడికలో పిన్ని తీసిన సినిమా వేశాం. పేర్లు మొదలయ్యాయి. తలుపు దగ్గర ఎవరూ లేరు. అయినా ఒక్కరూ లేవలేదు. అందరివీ అయ్యాక, చిన్న అక్షరాల్లో పిన్ని పేరు వచ్చి పోయింది.

ముందు వరసలోంచి చౌల్దారీ అవ్వ లేచింది. "ఆ ఆఖరి పేరు మళ్ళీ సూపించు బేటా."

అవ్వకు చదువు రాదు, ఆఖర్న వచ్చేది పిన్ని పేరని మాత్రం తెలుసు. నేను వెనక్కి తిప్పి, పిన్ని పేరు దగ్గర ఆపాను.

"వందనాలమ్మా" అని చేతులు జోడించి, అవ్వ ఆ పేరును చూస్తూ అలాగే నిలబడింది.