చివరి మనిషి వచ్చేదాకా

కువైట్‌లో నేను జపాన్ సత్రంలో ఉన్నానంటే మా కోనసీమలో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. సత్రమంటే పెద్ద హంగేమీ లేదు. నేను పనిచేసే కంపెనీ తన జపాన్ ఇంజనీర్ల కోసం ఒక విల్లా అద్దెకు తీసుకుంది. వాళ్ళ దేశం నుంచే ఒక పెద్దావిడను రప్పించి, అక్కడి పాతకాలపు సత్రాల తీరులోనే దాన్ని నడిపించేది. ఖైతాన్ పేటలో నా గదిని ఇంటివాడు ఖాళీ చేయించడంతో, వేరే చోటు దొరికేవరకు ఉండమని మిర్కాబ్ ఆఫీసులోని మా మేనేజరు అందులో ఒక చిన్న గది ఇప్పించాడు.

నేల మీద గడ్డి చాపలు, కాగితపు తలుపులు, రాత్రి పరిచి పొద్దున్నే చుట్టేసే పరుపు. అన్నీ బాగానే ఉండేవి కానీ ఆ నిశ్శబ్దమే నా ప్రాణం తీసేది. ఇంజనీర్లు మర్యాదగా తల వంచేవారు, అంతకుమించి మాట లేదు. పోపు వాసన రాని ఇంట్లో ఎంత దిగులుగా ఉంటుందో నాకు అక్కడే తెలిసింది. సాయంత్రమైతే చాలు, షేరింగ్ కారెక్కి ఖైతాన్ పారిపోయేవాణ్ణి. ఆ కారు నడిపే రాయచోటి భాయ్ కూడా మా పేకాట జట్టే. మనవాళ్ళ గదిలో చేపల పులుసు, వీడియో క్యాసెట్లు, ఊరి కబుర్లు. ఏ అర్ధరాత్రి దాటాకో తిరిగొచ్చేవాణ్ణి.

సత్రంలో ఒక ఆచారం ఉండేది. బయటికి వెళ్ళేవాళ్ళు ఇంట్లో తొడుక్కునే చెప్పుల్ని గుమ్మం మెట్టు మీద, లోపలివైపు తిప్పి విడవాలి. మెట్టు మీద ఒక్క జత మిగిలున్నా పెద్దావిడ గుమ్మం దీపం ఆర్పదు, పడుకోదు. ఆ చివరి జత ఎప్పుడూ నాదే. నేను వచ్చేసరికి గుమ్మం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కునికిపాట్లు పడుతుండేది. లేచి, వేడి టీ ఇచ్చి, దీపం ఆర్పి వెళ్ళేది. తిట్టినా బాగుండేది. తాళంచెవి నాకిచ్చి పడుకోమని సైగ చేస్తే నవ్వి ఊరుకునేది.

"మామ్మగారూ, నేనేవన్నా పసిపిల్లోణ్ణాండీ?" అని తెలుగులోనే విసుక్కునేవాణ్ణి. అది తన పేరనుకుందో ఏమో, మామ్మగారూ అంటే పలికేది.

ఇరాక్ సైన్యం కువైట్ మీదికి వచ్చిన రాత్రి నేను ఖైతాన్‌లోనే ఉన్నాను. తెల్లవారుజామున పేలుళ్ళకు ఉలిక్కిపడి లేచాం. రోడ్లు మూసేశారు. కొద్దిరోజులు గడప దాటలేదు. జపాన్ వాళ్ళందర్నీ వాళ్ళ ఎంబసీకి చేర్చారని ఎవరో చెబితే, పోనీలే, మామ్మగారు క్షేమం అనుకున్నాను. కాస్త సద్దుమణిగాక సామాను తెచ్చుకుందామని భాయ్ కారులో సత్రానికి వెళ్ళాను.

పట్టపగలు గుమ్మం దీపం వెలుగుతోంది. మెట్టు మీద నా చెప్పులున్నాయి. వాటి పక్కన ఆవిడ కూర్చునుంది.

తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పింది. కారు వచ్చింది, అందరూ వెళ్ళారు, మీరు బయట ఉన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. సైనికులు తెల్లవాళ్ళనూ జపాన్ వాళ్ళనూ వెతికి పట్టుకుపోతున్నారని ఊరంతా చెప్పుకుంటున్నారు. ఇండియావాణ్ణని నన్ను వదిలేస్తారు, ఆవిణ్ణి వదలరు. "నా కోసం ఉండిపొమ్మని మిమ్మల్నెవరడిగారండీ?" అని అరిచాను. ఆ దేశంలో నేను ఇల్లు చేరానో లేదో చూసుకునే మనిషి ఆవిడొక్కతే. ఆవిడ మాత్రం లేచి టీ పెట్టింది.

"ఈ పెద్దామె ఈడుంటే పానానికే మోసమన్నా. వాళ్ళ ఎంబసీ కాడ ఇడిసిపెడదాం పా. మా ఇంట్లోదాని బురఖా తెస్తా," అన్నాడు భాయ్. అన్నట్టే తెచ్చాడు.

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బయలుదేరుతుంటే కూడా ఆవిడ వంగి నా బూట్లను బయటివైపు తిప్పి పెట్టింది. తర్వాత తనూ బూట్లు తొడుక్కుని నా వెంట వచ్చింది.

దారిలో సైనికుడు కారు ఆపి, మా ఇఖామా కార్డులు చూసి, వెనక సీటువైపు తుపాకీ చూపించాడు. మా అమ్మ, జబ్బు మనిషి అని భాయ్ అరబ్బీలో చెప్పాడు. బురఖాలోంచి ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఏ క్షణాన ముసుగు తీయమంటాడోనని వాడి చేతినే చూస్తున్నాను. వాడు విసుగ్గా "యల్లా" అని, పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

ఎంబసీ గేటు దగ్గర ఆవిడ నడుము దాకా వంగింది. నేనూ వంగాను. గేటు మూసుకుంది. లోపలున్న వాళ్ళను తర్వాత బాగ్దాద్ తరలించారని విన్నాను. ఆవిడ ఏమయిందో నాకు నేటికీ తెలియదు.

"ఒక్కనివే ఆ ఇంట్లో ఏం జేస్తావన్నా, ఖైతాన్ పోదాం పా," అన్నాడు భాయ్. సామాను సర్దుకుని పొద్దున వస్తానని చెప్పి సత్రం దగ్గరే దిగిపోయాను. ఇంకా చీకటి పడలేదు. పడుకోడానికి ఆ ఇంటికి నేను అంత పెందలాడే రావడం అదే మొదటిసారి.

గదిలో పరుపు పరిచే ఉంది. దీపం ఆర్పుదామని గుమ్మం దగ్గరికి వెళ్ళాను. మెట్టు మీద, లోపలివైపు తిప్పి, ఆవిడ చెప్పులున్నాయి.

వెలుగు చూసి సైనికులు వస్తారేమోనని భయమేసింది. అయినా ఆర్పడానికి చెయ్యి రాలేదు. ఆవిడ కూర్చునే చోటే మోకాళ్ళ మీద కూర్చున్నాను. కాసేపటికే కాళ్ళు తిమ్మిరెక్కాయి. రోజూ ఎలా కూర్చునేదో మహాతల్లి అనుకున్నాను. తెల్లవారేదాకా ఎవరూ రాలేదు.