పులిహోర బండ

చాండ్లర్‌లో నాన్న గరాజ్ ఖాళీ చేస్తుంటే పాత టెంట్ కింద పసుపు గుడ్డసంచీ ఒకటి దొరికింది. ఎవరి పెళ్లిలోనో తాంబూలం పెట్టి ఇచ్చింది. దానిమీద వధూవరుల పేర్లు ఎప్పుడో వెలిసిపోయాయి గానీ ఇంగువ వాసన మాత్రం పోలేదు. నాన్న పోయి ఆరు నెలలు. ఆ వాసన తగలగానే నాకు ఏడుపు రావాలి కాబోలు. ఒళ్లు మండింది.

ప్రతి ఆగస్టులో, స్టీరింగ్ పట్టుకుంటే చేతులు కాలే ఆ అరిజోనా ఎండల్లోంచి, నాన్న మమ్మల్ని ఎనిమిది గంటలు డ్రైవ్ చేసి కొలరాడో కొండల్లో ఒక చిన్న ఊరికి తీసుకెళ్లేవాడు. అందరూ చూసే జలపాతం, అందరూ ఫొటోలు దిగే వంతెన మాకు నిషిద్ధం. "ఆ తిరనాళ్లకి మనమెందుకే" అనేవాడు. ఊరి చివర యాపిల్ పై అమ్మే దుకాణం దాటాక, బోర్డూ పాడూ లేని మట్టి మలుపులో కారు ఆపి, పురుగు కూడా తిరగని వెనకదారిన నన్ను ఎక్కించేవాడు. అమ్మకి ఆ ఎత్తు పడేది కాదు. తెల్లారకముందే లేచి, మోటెల్ గదిలో పొగ అలారానికి షవర్ క్యాప్ తొడిగి, కరెంటు పొయ్యి మీద పులిహోరకి పోపు పెట్టి, సంచీ మా చేతికిచ్చి, తలకి గుడ్డ కట్టుకుని పడుకునేది.

దారిలో ప్రతిదానికీ నాన్న పెట్టిన పేరే. నా చెప్పు తెగిన చోటు చెప్పు మలుపు. మంచునీళ్లలో కాలుపెట్టి నేను రాగం తీసిన చోటు బుజ్జి ఏడ్చిన వాగు. చెట్లన్నీ అయిపోయాక నున్నగా మెరిసే శిఖరం మావయ్య బట్టతల. అమ్మ తమ్ముడి మీద ఆయనకి అదో సరదా. దాని కింద, బోల్తాపడ్డ పాత గని బండి పక్కన, ఆకుపచ్చ చెరువు ఒడ్డున మేం కూర్చుని తినే రాయి పులిహోర బండ. నాన్న ముందు నడిచి అక్కడ పాతి ఉన్న కర్రకి సంచీ తగిలించేవాడు, నేను చెరువుకి పరిగెత్తేదాన్ని. రాళ్ల సందుల్లోంచి బలిసిన ఉడతల్లాంటి మార్మట్లు ఈలలేసేవి, చల్లారిన పులిహోరలో పల్లీలు ఇంకా కరకరలాడేవి. బాగుండేది. బాగుండేదని ఒప్పుకోవడానికే నాకు కోపం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ బండ మీంచి దూకబోయి నాన్న చీలమండ విరగ్గొట్టుకున్నాడు. నా కళ్లముందే పాదం పక్కకి తిరిగిపోయింది. అక్కడ మధ్యాహ్నం దాటితే మబ్బులు దిగి పిడుగులు పడతాయి, తలదాచుకోవడానికి ఒక్క చెట్టు లేదు. "దుకాణం దగ్గరికి పోయి ఎవర్నన్నా పిలుచుకురా. పులిహోర బండ దగ్గరున్నానని చెప్పు" అన్నాడు. తెల్లవాళ్ల దుకాణంలో పులిహోర బండ. ఏం మనిషో.

పరిగెత్తాను. రెండుసార్లు పడ్డాను. దుకాణంలో ఆవిడ ఏ ట్రెయిల్ అని అడిగింది. నాకు తెలిసిన పేర్లనే ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను, చింతపండు అన్నం రాయి అని, మా మావయ్య బట్టతల కింద అని. "మీ అంకుల్ తలకి దెబ్బ తగిలిందా, హనీ?" అంది. కాదు, మా నాన్న కాలికి, అన్నాను. మరి అంకుల్ ఎక్కడున్నాడంది. గుంటూర్లో ఉన్నాడన్నాను. ఇద్దరికి దెబ్బలు తగిలాయని ఆవిడ ఎవరికో ఫోన్ చేసింది, వాళ్లు జలపాతం వైపు వెళ్లి వెతికారు. మొదటి ఉరుము వినపడింది. నాన్న అక్కడ చచ్చిపోతాడు, నాకు పేరు తెలియక చచ్చిపోతాడు అనుకున్నాను. మూల బల్ల దగ్గర యాపిల్ పై తింటున్న ముసలాయన లేచొచ్చి, "పేరు వదిలెయ్, అక్కడ ఏం కనపడుతుందో చెప్పు" అన్నాడు. గని బండి, ఆకుపచ్చ చెరువు. ఆయన టోపీ తీసుకుని బయల్దేరాడు.

స్ట్రెచర్ మీద, వానకి తడిసి ముద్దయి దిగిన నాన్న నన్ను చూసి అన్న మొదటి మాట: "ఇంతసేపేంటే? దారి చెప్పడం కూడా రాదా నీకు?"

ఆ ఏడాదితో కొండలకి వెళ్లడం మానేశాను. ఆయన మాత్రం తలా ఒక వంట తెచ్చుకునే ప్రతి పాట్‌లక్‌లోనూ, "మా బుజ్జి నా బావమరిది బట్టతలని ఇంగ్లీషులోకి దించింది" అని ఆ కథ చెప్పేవాడు. అంకుల్స్, ఆంటీలు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. నేను గదిలోకి పోయి తలుపేసుకునేదాన్ని. ఆయన పోయేదాకా ఆ విషయంలో క్షమించలేదు. ఇప్పుడూ లేదు.

గరాజ్ పనయ్యాక అదే సంచీ పట్టుకుని, మా తొమ్మిదేళ్ల అమ్మాయిని తీసుకుని అక్కడికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో నన్నడక్కండి. దుకాణం ఉన్నచోట యోగా స్టూడియో. మట్టి మలుపుకి తారు పోసి పార్కింగ్ చేశారు, దానికి ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. చెప్పు మలుపులో సెల్ఫీల కోసం క్యూ. ఆ శిఖరాన్ని మావయ్య బట్టతల అనేవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే.

బండ అక్కడే ఉంది. గని బండీ ఉంది. నాన్న సంచీ తగిలించే కర్ర కూడా ఉంది. దాని పైన, వానలకి నల్లబడ్డ చెక్క బోర్డు మీద చెక్కిన పాత అక్షరాలున్నాయి. కొత్తగా పెట్టింది కాదు. అక్షరాల పైన తుప్పుపట్టిన మేకు. ఆ మేకుకే కదా ఆయన ప్రతి ఏడూ సంచీ తగిలించింది.

"లంచ్ రాక్" అని చదివింది మా అమ్మాయి. "సో బోరింగ్. అమ్మా, తాత దీనికి ఏం పేరు పెట్టాడు?"

లంచ్ రాక్. రెండు చిన్న మాటలు. ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది? తన చేత్తో సంచీ తగిలించి కప్పాడు.

"ఏం పెట్టలేదు" అన్నాను. సంచీ బరువుగా ఉంది, తీసి తగిలించాను.

"అమ్మా, సైన్ కనపడట్లేదు."

చూసుకుంటే సంచీ ఆ మేకుకే వేలాడుతోంది. తీసి నేలమీద పెట్టాను.

"మళ్లీ చదువు" అన్నాను మా అమ్మాయితో. "గట్టిగా."