గది నిశ్శబ్దం రికార్డు చేసిన మధ్యాహ్నం

కెమెరా మీద బతికేవాణ్ణి. కంటితో చూసి, చెవితో విని, రికార్డు కూడా అయితే తప్ప ఏదీ నమ్మను. దెయ్యాల కథలు చెప్పేవాళ్లని ఆధారం చూపించమని ఏడిపించేవాణ్ణి. ఇప్పుడు ఆధారం నా దగ్గరే ఉంది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

విశాఖ చేపలరేవు ఆడవాళ్ల మీద నేనూ, కెమెరామన్ రాంబాబూ డాక్యుమెంటరీ తీస్తున్నాం. అప్పుడే అప్పలనర్సమ్మ పరిచయమైంది. చాలా ఏళ్ల క్రితం ఆమె భర్త బోటు మీద వేటకెళ్లి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. తండ్రికి కర్మ చేసేద్దామని కొడుకు పట్టు, వద్దని ఆమె పట్టు. ఆ విషయం మీదే తల్లీకొడుకులకి మాటల్లేవు, కొడుకు వేరే ఉంటున్నాడు.

ఇంటర్వ్యూ వాళ్లింట్లోనే పెట్టాం. మేం ఇద్దరం, ఆమె, అంతే. మా ప్రశ్నలు సినిమాలో వినపడవు, కోసేస్తాం. అందుకే ప్రశ్నని కూడా కలుపుకుని జవాబు చెప్పమన్నాను. ఆమె తొందరగానే పట్టుకుంది. భర్త గురించి నిబ్బరంగా మాట్లాడింది. ఒక్కసారి కూడా ఏడవలేదు.

మాటలయ్యాక ఇంకో పనుంటుంది. అందరూ నోరు మూసుకుని కూర్చుంటే ఆ గది నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చేస్తాం. మాటల మధ్య కోసిన చోట అతుకు తెలియకుండా ఎడిటింగులో అది వాడతాం. ఫ్యాన్ ఆపేశాం. వీధి చప్పుడు రాకుండా తలుపు దగ్గరికి వేశాం. ఉక్కపోత. రాంబాబు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

అంత నిశ్శబ్దంలో ఆమె మాట్లాడింది.

"తలుపు గడియెట్టుకున్నావా అంటే, నాను గడియెట్నేదు. ఒక్క రాత్రీ ఎట్నేదు."

రికార్డింగ్ ఆపి, ఎందుకలా అన్నారని అడిగాను.

"ఏటి బాబూ, మీరే గదా అడిగారు," అంది.

మేమిద్దరం అసలు నోరే విప్పలేదని చెప్పాను. ఆమె నన్ను చూసింది, రాంబాబుని చూసింది. చీర కొంగు తల మీదికి లాక్కుంది. భయపడిందనుకున్నాను గానీ, ఆ మొహంలో భయం లేదు.

"మీరింక ఎల్లండి బాబూ. వంట సేసుకోవాలి," అంది నెమ్మదిగా.

మేం సామాన్లు సర్దుకుంటుంటే బియ్యం కడుగుతోంది. ఒక్క మనిషికి ఎక్కువే అనిపించింది. అది నా ఊహే కావచ్చు.

కొన్నాళ్లకి ఆమె కొడుకు ఫోన్ చేశాడు. తండ్రికి కర్మ చేసేయమని తల్లే పిలిచి చెప్పిందట. కెమెరా ముందు మనసులోది చెప్పుకుని తేలికపడిందనుకున్నాడు. థాంక్స్ చెప్పాడు. నేను కాదనలేదు.

ఎడిటింగులో ఆ ముక్క విన్నాను. ఆమె చీరకి తగిలించిన మైకులో వేరే ఏ గొంతూ లేదు. ఆమె ఊపిరి మాత్రం ఉంది. అది ఒక్క క్షణం ఆగుతుంది, తర్వాత జవాబు. పెద్దావిడ, తలపుల్లో ఉండి ఏదో అనేసిందని సరిపెట్టుకున్నాను.

మేం పనిచేసే తీరు కూడా చూపిద్దామని ఆ రోజు గది మూల ఇంకో చిన్న కెమెరా పెట్టాం. అందులో మేం ముగ్గురం కనిపిస్తాం. ఆమె జవాబు చెప్పడానికి కొంచెం ముందు, హెడ్‌ఫోన్స్‌లో ఉన్న రాంబాబు తలెత్తి తలుపు వైపు చూస్తాడు. అదే క్షణంలో నేనూ అటే తిరుగుతాను. తలుపు కదల్లేదు. ఆమె మాట మొదలుపెట్టాకే మేం మళ్లీ ఆమె వైపు తిరుగుతాం.

రాంబాబుకి చూపించాను. రెండోసారి వేయబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు బావా," అన్నాడు. అటు చూసినట్టు అతనికీ గుర్తులేదు.

ఆ ముక్క సినిమాలో పెట్టలేదు. పెడితే మేమే అలా నటించామంటారు. నిజం తీసేవాళ్ల మీద ఆ మాట పడితే సినిమా అంతా అబద్ధమైపోతుంది. చెరిపేయడానికీ చెయ్యి రాలేదు.

ఆమెకేదో వినపడిందంటే ఒప్పుకుంటాను. నాకేమీ వినపడలేదు, ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. మరి ఆ తలుపు వైపు నేనెందుకు చూశాను?