సెంబగారె మూసేసిన స్టేషన్

మా ఆయన సెంబగారె రేడియోలు బాగుచేసేవాడు. మా రుసెంగా కొండ మీద ఎవరింట్లో రేడియో మూగబోయినా, వారం తిరక్కముందే అది మా వరండాలో బల్ల మీద పొట్ట తెరుచుకుని కనిపించేది. ఆయనకు మనుషుల ముఖాలు గుర్తుండవు. ఎవరైనా దారిలో పలకరిస్తే ఎగాదిగా చూసి, "ఆఁ, నువ్వా! విరిగిన యాంటెన్నా కదూ?" అనేవాడు. పెళ్ళైన కొత్తలో నాకది ముద్దుగా ఉండేది. తర్వాత్తర్వాత ఒళ్ళు మండేది.

1993లో రాజధానిలో కొత్త స్టేషన్ ఒకటి మొదలైంది. పాటలు బాగా వేసేది. పాటకూ పాటకూ మధ్య టుట్సీలను బొద్దింకలనేది. నేను టుట్సీని, ఆయన హుటూ. పిల్లలకు తండ్రి జాతే వస్తుంది కాబట్టి మా ఇద్దరబ్బాయిలూ హుటూలు. ఒకే భాష, ఒకే చర్చి, ఒకే కుండలో ఉడికిన చిక్కుడుగింజలు. గుర్తింపు కార్డులో మాత్రం ఒకే ఇంట్లో రెండు జాతులం.

ఆ స్టేషన్ మొదటిసారి విన్నరోజు ఆయన అన్నం తినలేదు. మర్నాటి నుంచి బాగుచేతకు వచ్చిన ప్రతి రేడియోలోనూ, చేయవలసిన పని చేశాక, లోపల ఒక చిన్న మరను కొద్దిగా తిప్పడం మొదలుపెట్టాడు. అది తిప్పితే ముల్లు చివరిదాకా వెళ్ళినా ఆ స్టేషన్ దొరకదు. ప్రభుత్వ రేడియో వస్తుంది, చర్చి పాటలు వస్తాయి, అది మాత్రం రాదు.

"ఏం చేస్తున్నావయ్యా?" అన్నాను.

"వాడి నోరు మూయిస్తున్నా."

మా తమ్ముడు రుటబానా అరటితోట పక్క తోట బిజురుది, అతను హుటూ. అతను మూడుసార్లు వచ్చి గొడవపెట్టాడు.

"అన్నా, పక్క కొండోళ్ళకి కొత్త స్టేషన్ గణగణా మోగుతోంది. నా దాంట్లో గురగుర తప్ప ఏం లేదేంటి?"

"మీ ఇంటెనకాల కొండ అడ్డంరా. దాన్ని నేను జరపలేను కదా!"

"పొడుగు తీగ కడితే?"

"కట్టుకో. మీ ఆవిడ బట్టలారేసుకోడానికి పనికొస్తుంది."

అతను వెళ్ళాక ఆయన పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ తర్వాత నాకు కోపం ముంచుకొచ్చింది. ఆయన మీద, ఆ స్క్రూడ్రైవర్ మీద కూడా.

"టుట్సీ ఇల్లని మా నాన్న ఇల్లు యాభైతొమ్మిదిలో ఒకసారి, డెబ్బైమూడులో ఒకసారి తగలబెట్టారు," అన్నాను. "యాభైతొమ్మిదిలో ఈ కొండ మీద ఒక్క రేడియో ఉందా? ఏ మర తిప్పితే ఆగేదది? బళ్ళో టుట్సీలందరూ లేచి నిలబడండని మాస్టారు అంటే, నేనేంటో నాకు తెలీక నా హుటూ స్నేహితురాలితో పాటు కూచున్నా. చెంప పగలగొట్టి, మీ నాన్ననడిగి తెలుసుకు రమ్మన్నాడు. అది ఏ స్టేషన్‌లో వచ్చిందయ్యా? తెల్లదొరలు కార్డులు రాశారు, వాళ్ళు పోయాక మనోళ్ళు అవే కార్డులు భద్రంగా దాచుకున్నారు. నువ్వు రేడియోలు బాగుచేస్తావు గానీ కార్డుల్ని చెయ్యగలవా?"

"నాకొచ్చిన పని నేను చేస్తున్నా. నువ్వు కూడా వచ్చిన పని చెయ్యి, కూర మాడుతోంది," అన్నాడు. ఎప్పుడూ ఇంతే. ఆయనతో వాదించడం కంటే మేకతో వాదించడం మేలు.

94 ఫిబ్రవరిలో రుటబానా తన రేడియో చంకలో పెట్టుకుని వచ్చాడు. అదీ ఆయన చేతిలో పడినదే.

"బావా, నీ మాయ నాకు తెలుసు. నాది మాత్రం తెరువు."

"ఎందుకురా? రోజూ తిట్లు తిని పడుకుంటావా?"

"తిట్లు కాదు బావా. వాళ్ళేం చెయ్యబోతున్నారో వాళ్ళ నోటితోనే చెప్తున్నారంట. ఎవరి పేర్లు చదువుతున్నారో వినాలి. వినపడితేనే కదా పరిగెత్తేది?"

"నిద్ర పాడవుతుంది. పిల్లలున్న ఇల్లు."

"తెరిచివ్వవయ్యా, వాడడుగుతున్నాడుగా!" అని నేను అరిచాను.

"సరే, వచ్చే వారం చూద్దాం," అన్నాడు. వచ్చే వారం బల్ల మీద వేరే రేడియోలు చేరాయి. ఆ తర్వాత వారం వాన. రుటబానా మళ్ళీ అడగలేదు. బావను నొప్పించడం వాడికి ఇష్టం లేదు.

ఏప్రిల్ ఆరున అధ్యక్షుడి విమానం కూలింది. ఆ నేరం టుట్సీల మీద వేసి, రాజధానిలో మర్నాడే వాళ్ళను చంపడం మొదలుపెట్టారు. మా దక్షిణం వైపుకు అది రావడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. అన్ని రోజులు! అకన్యారు నది దాటితే పక్క దేశం బురుండి. మా కొండ నుంచి ఒక్క పూట నడక. రుటబానా రేడియోలో వార్తలకు ప్రభుత్వ స్టేషన్ ఒక్కటే దిక్కు. అది ఎవరూ ఇళ్ళు కదలవద్దని చెప్పింది. వాడు కదల్లేదు. జొన్నలకు కలుపు తీశాడు.

మా ఆయన నన్ను ధాన్యం గాదెలో దాచాడు. వెతకడానికి వచ్చినవాళ్ళకు అరటి సారా పోసి, అదెప్పుడో నది దాటి పారిపోయిందని నమ్మబలికాడు. ఆ గాదెలో నేను బతికాను. రుటబానా, వాడి భార్య, ముగ్గురు పిల్లలు బతకలేదు. చంపినవాళ్ళలో ముందు నడిచింది బిజురు. ఆ తర్వాత మా ఆయన మళ్ళీ ఒక్క రేడియో కూడా ముట్టుకోలేదు. జనం తెచ్చి వరండాలో పెట్టేవారు. ఆయన వాటిని చూసి లోపలికి వెళ్ళిపోయేవాడు.

పన్నెండేళ్ళ తర్వాత మా కొండకు గచాచా వచ్చింది. గచాచా అంటే గడ్డి మీద కూర్చుని ఊరే నడిపే కోర్టు. వారం వారం గురువారం. నేను ఒక్క వారం మానలేదు. ఎందుకు చంపారో ఒక్కడి నోటి నుంచైనా వినాలని నా ఆశ. చంపినవాళ్ళు ఖైదీల గులాబీ రంగు బట్టల్లో ఒక్కొక్కరే వచ్చేవారు, ఒకే పాట పాడేవారు. రేడియో మమ్మల్ని పాడుచేసింది, రేడియో మా బుర్ర తినేసింది. నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుంది. రేడియో మీద పెడితే సిగ్గు కూడా తగ్గుతుంది. విని విని నా తల పగిలిపోయేది.

ఒక గురువారం బిజురు వచ్చాడు. తల వంచుకుని, "రోజూ ఆ స్టేషన్ వినీ వినీ నా మనసు విరిగిపోయిందండీ," అన్నాడు.

నా పక్కనుంచి మా ఆయన లేచాడు. ఎన్ని వారాలైనా నోరు విప్పని మనిషి.

"నీది ఎర్ర రేడియో. పిడి విరిగితే తాడు కట్టావు," అన్నాడు. "దాంట్లో ఆ స్టేషన్ రాదు బిజురూ. నేనే రాకుండా చేశా. మూడుసార్లొచ్చి నాతో గొడవపడ్డావు, మర్చిపోయావా?"

జడ్జీల పెద్ద మా ఊరి టీచరమ్మ. "మరి ఎక్కడ విన్నావు?" అని అడిగింది.

బిజురు గొంతు తగ్గించాడు. "సరిగ్గా విన్లేదండీ. అందరూ రేడియో అంటున్నారని నేనూ అన్నా."

"మరెందుకు చంపావు?"

"సర్కారు ఆఫీసోళ్ళు ఈల ఊదారు. పనికి రమ్మన్నారు, చంపడాన్నే పని అనేవారు. అందరూ వెళ్తున్నారు, నేనూ వెళ్ళా. రుటబానా టుట్సీ అని కార్డులో ఉంది కదండీ. అతని తోట నాకిస్తామన్నారు."

అంతే. పన్నెండేళ్ళు నేను ఎదురుచూసిన జవాబు ఇదీ. ఒక ఈల, ఒక కార్డు, ఒక అరటితోట. టీచరమ్మ రాసుకుంది. బిజురు ముక్కు తుడుచుకున్నాడు. అతన్ని పట్టుకుని గుంజి ఇంకేమైనా రాలుతుందేమో చూడాలనిపించింది. రాలడానికి ఇంకేమీ లేదని అతని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

ఇంటికి వస్తుంటే మా ఆయన సగం దారిలో ఆగాడు.

"ఒసే, రేడియో విననోళ్ళు కూడా చంపారు. మరి నేను రుటబానాది తెరిచిచ్చుంటే వాడు నది దాటేవాడంటావా?"

ఈ ప్రశ్న ఎప్పుడు వస్తుందా అని ఇన్నేళ్ళూ చూశాను. నన్ను గాదెలో పెట్టి కాపాడినవాడు. అబద్ధం చెప్పడానికి ఒక్క మాట చాలు, ఎవరికీ నష్టం లేదు. కానీ ఆ రోజంతా అబద్ధాలు విని విసిగిపోయి ఉన్నాను.

"దాటేవాడే," అన్నాను.