ఆగిన పెళ్ళి కవర్లో చిన్నమ్మ గొంతు

చిన్నమ్మ పోయిందని డప్పు కాక ఎల్లారెడ్డి నుంచి ఫోన్ చేసినప్పుడు నేను కామారెడ్డి కాలేజీలో పిల్లల పేపర్లు దిద్దుతున్నాను. "పొద్దుగాల చాట ముంగట వెట్టుకొని కూసున్నది బిడ్డా. ఆకు కత్తిరిస్త కత్తిరిస్తనే ఒరిగింది," అన్నాడు. ఫోన్ పెట్టేశాక నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు. ఇక ఆమె నన్ను ఆ ఒక్క మాట అడగదు కదా అన్న తేలిక. అది దాచిపెట్టి ఈ నాలుగు మాటలు రాస్తే మీకు అబద్ధం చెప్పినట్టే.

ఆమె మా అమ్మకు చెల్లెలు. బీడీలు చుట్టేది, చుడుతూ పాడేది. వంతకు నలుగురు బీడీల ఆడవాళ్ళు, డప్పుకు కాక. వాళ్ళ జట్టంతా అంతే. వాడకట్టులో ఏ ఆడమనిషి చనిపోయినా ఆమె పేరును చిన్నమ్మ తన పాట చివరి చరణంలో చేర్చేది. అట్లా ఏడాదికేడాది ఆ చరణం పొడుగైపోయింది. "పేరు నోట్ల ఉన్నన్ని దినాలు మనిషి సగమే పోయినట్టు," అనేది.

తెలంగాణ పాటకు గిరాకీ ఉన్న రోజులవి. హైదరాబాదు కంపెనీ ఒకటి వాళ్ళ పాటలు రికార్డు చేస్తానంది. ఒప్పందం కాయితాలు ఇంగ్లిషులో ఉన్నాయి. వాటిని తువ్వాలలో చుట్టుకుని చిన్నమ్మ బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది. "ఎమ్మే సదివినవ్. జర సూసి చెప్పు." చూశాను. సీడీ అట్ట మీద ఆమె పేరు వేస్తారని రాసి ఉంది. పాటను కంపెనీ తనకు తగినట్టు మార్చుకోవచ్చనీ రాసి ఉంది. వాయిద్యాల సంగతేమో అనుకున్నాను. నిజంగా అట్లా అనుకున్నానా, క్లాసుకు వేళవుతోందని తొందరపడ్డానా, ఇప్పటికీ తేల్చుకోలేను. వేలిముద్ర పెట్టమన్నాను. ఆమె వేలిముద్ర పక్కన సాక్షిగా నేనూ సంతకం చేశాను.

పాట బయటికి వచ్చింది. గొంతు చిన్నమ్మది కాదు. ఆమెది గరుకుగా ఉందని వేరే అమ్మాయి చేత పాడించారు. పేర్ల చరణం తీసేశారు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో "సేకరణ" అని ఆమె పేరు వేశారు. మాట తప్పలేదు మరి!

"పొగాకు దుమ్ము తిన్న గొంతు గరుకుగాక తేనె గార్తదా?" అంది చిన్నమ్మ. రికార్డింగు రోజున వినడానికని ఇచ్చిన సీడీ ఒకటి కాక దగ్గరుంది. దాన్ని కామారెడ్డిలో పెళ్ళి వీడియోలు తీసే షాపుకు పట్టుకుపోయి వంద కాపీలు చేయించారు. అట్టలకు పైసలు లేవు. ఆగిపోయిన పెళ్ళి తాలూకు సీడీ కవర్లు మిగిలి ఉంటే షాపాయన ఊరికే ఇచ్చాడు. పైన వధూవరుల బొమ్మ, లోపల చిన్నమ్మ పాట. "పెండ్లి ఆగితేంది, మేళం ఆగద్దు," అని నవ్వి, ఒక్కో కవరుకూ బీడీలకు చుట్టే దారంతో ముడి వేసింది. ఒక్క చేత్తో, చూడకుండానే. లింగంపేట దాకా బీడీలు చుట్టే ఇండ్లలో పంచారు.

నెల తిరగకముందే కంపెనీ వకీలు నోటీసు వచ్చింది. అన్నీ తిరిగివ్వాలి, లేకపోతే కేసు. అందులో సాక్షిగా నా పేరూ ఉంది. నాది సర్కారు కొలువు. "ఇచ్చేద్దాం చిన్నమ్మా," అన్నాను.

ఇంటింటికీ తిరిగి ఆమే అడుక్కొచ్చింది. "పెట్టిన బొట్టు తుడిసి తెచ్చుకున్నట్టున్నది బిడ్డా," అంది. ఒక్కటీ మిగల్లేదని రాసి సంతకం పెట్టింది నేను. అప్పటికే ఒకటి నా బీరువాలో చీరల మడతల్లో ఉంది. ఎందుకు దాచానో చెప్పలేను. ప్రేమే అయితే తర్వాత జరిగింది జరిగేది కాదు.

చిన్నమ్మ మళ్ళీ పాడలేదు. ఎప్పుడు వెళ్ళినా మక్క కంకులు కాల్చి పెట్టేది. లేచి వచ్చేటప్పుడు మాత్రం అడిగేది. "నీ కాడ ఒక్కటన్న లేదా బిడ్డా? నా గొంతు నేను ఒక్కపారి ఇనాలె."

"లేదు చిన్నమ్మా."

మొదటిసారి భయంతో అన్నాను. తర్వాత, మొదటిసారి అన్నాను కాబట్టి అన్నాను. "నువ్వేం జేస్తవ్ తియ్యి," అని నా సంచిలో ఇంకో రెండు కంకులు వేసేది.

రాష్ట్రం వచ్చిన సంబురంలో ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర కంపెనీ పాటే మోగింది. చిన్నమ్మ పదో దినాన కూడా మైకులో అదే పెట్టారు. "మా అక్క దినానికి ఇంకోళ్ళ గొంతా!" అని కాక లేచిపోయి తన ఇంటి గడపలో కూర్చున్నాడు. సీడీ నా సంచిలోనే ఉంది. అంతమంది ముందు తీయలేకపోయాను. చుట్టాలు కదిలాక వెళ్ళి ఆయన చేతిలో పెట్టాను.

కాక దారం వంక చాలాసేపు చూసి, ముడి విప్పి, సీడీ ప్లేయరులో వేశాడు. ముందు దగ్గు వినిపించింది. తర్వాత ఆమె మాట: "ఆకు నానవెట్టి వచ్చిన, జల్ది కానియ్యిన్రి!" ఆ వెంటనే పాట. కాక డప్పు ముట్టలేదు. చివరి చరణంలో ఒక్కో పేరుకూ పెదవులు కదిపాడు. పేర్లు అయిపోయాక, గొంతు సవరించుకుని, చిన్నమ్మ పేరు తనే కలిపాడు.

తర్వాత నా వైపు చూడకుండా అడిగాడు. "ఆమె అడిగినప్పుడు గిది యాడుండె బిడ్డా?"

నేను సీడీని కవర్లో పెట్టి దారం చుట్టడం మొదలుపెట్టాను. రెండుసార్లు వేసిన ముడి రెండుసార్లూ ఊడి వచ్చింది. పెళ్ళికొడుకు మొహం మీదుగా జారి, దారం గడప మీద పడింది.