హెరాత్ పిన్ని కూతురు వచ్చిన రోజు

పొద్దున ఆఫీసు మీటింగ్ మధ్యలో హెరాత్ పిన్ని ఫోన్ చేసింది. కొత్తగా వచ్చిన శరణార్థులకు వాళ్ల ఊళ్లో ఇప్పుడు తనే టీ కాచి, నాలుగు జర్మన్ మాటలు నేర్పుతోందట. వెనక నుంచి కూతురు ఆ నాలుగు మాటలూ దిద్దుతోంది. ఫోన్ పెట్టేశాక ఎంత ప్రయత్నించినా పనిలో మనసు నిలవలేదు.

ఆవిడ మాకు చుట్టమేమీ కాదు. అఫ్ఘానిస్తాన్ నుంచి శరణు కోరి వచ్చి, జర్మనీలో మేముండే బ్యోబ్లింగెన్‌లో మా ఇంటికి దగ్గర్లోని శిబిరంలో ఉండేది. మా పిల్లలు ఏదో ఒక వరస పెట్టి పిలవాలి కదా, అక్కడి హెరాత్ నగరం మనిషి గనక హెరాత్ పిన్ని అయింది. నాకూ ఆ పిలుపే అలవాటైపోయింది. గురువారాలు చర్చి హాల్లో శరణార్థులతో జర్మన్ మాట్లాడించే వాలంటీర్లలో నేనూ చేరాను. "నీ జర్మనే కూరగాయల కొట్టు దాటదు, నువ్వు వాళ్లకు నేర్పుతావా?" అని మా ఆయన నవ్వారు. టీ కాచడానికి వ్యాకరణం అక్కర్లేదని నేను వెళ్లాను. పిన్ని మాత్రం ఆ టీ కూడా నిలబడే తాగేది. చిన్నపిల్లగా ఉన్న కూతుర్ని ఇరాన్‌లో అక్క దగ్గర వదిలి వచ్చింది. ఆ పిల్లకు వీసా రావాలి. ఫోన్ చేతిలోంచి దించకుండా కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉండేది. "కాస్త కూర్చో పిన్నీ" అంటే, "కూర్చుంటే భయాలన్నీ వచ్చి పక్కన కూర్చుంటాయి" అనేది వచ్చీరాని జర్మన్‌లో. చివరికి మా పాఠాలన్నీ చెరువు చుట్టూ నడకలోనే సాగాయి. ఆవిడ వేగానికి నాకు ఆయాసం, నా తప్పులకు ఆవిడకు నవ్వు.

ఏళ్లు గడిచాక వీసా వచ్చింది. స్టుట్‌గార్ట్ ఎయిర్‌పోర్టుకు నా కారులోనే వెళ్లాం. జనవరి చలి. పిల్ల కోసం కొన్న ఎర్ర కోటును పిన్ని దారంతా ఒళ్లో మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. విమానం దిగినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఒక పొడుగాటి అమ్మాయి మమ్మల్ని దాటిపోయి, ఆగి, వెనక్కి తిరిగింది. పిన్ని బిగుసుకుపోయింది. అంతకాలం వల్లెవేసిన జర్మన్ మాటలే ముందు నోటికొచ్చాయేమో, చెయ్యి చాచి, "గూటెన్ టాగ్! వీ గేట్ ఎస్ ఈనెన్?" అంది, పరాయివాళ్లను 'మీరు బాగున్నారా' అని పలకరించినట్టు. ఆ పిల్ల తెల్లబోయింది. "మాదర్?" అంది. వాళ్ల భాషలో అమ్మ. అంతే, ఇద్దరూ ఒకరినొకరు వాటేసుకుని ఏడుపూ నవ్వూ కలిపేశారు. నేను సూట్‌కేసు పట్టుకుని ఎటు చూడాలో తెలియక గోడ మీది ప్రకటనలన్నీ చదివాను.

బయటికి వచ్చే ముందు పిన్ని కోటు తొడగబోయింది. అది భుజాలే దాటలేదు. నా కోటు విప్పి ఆ పిల్లకు వేశాను. "షాపులో మార్చుకుందాంలే పిన్నీ" అన్నాను. "వద్దు" అని ఆవిడ దాన్ని గుండెలకు అదుముకుంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ కోటు ఆ పిల్లకు సరిగ్గా సరిపోయే చలికాలం ఒకటి ఎక్కడో వచ్చి, తల్లి కంట పడకుండానే వెళ్లిపోయింది.