కనుబొమ కింది ఇనుప రవ్వ

దుర్గిలో మా పెదనాన్న దగ్గర శిల్పం పని చేస్తుండగా నా కుడి చెంపలో నొప్పి మొదలైంది. గాలి తగిలినా, రాతి పొడి పడినా కరెంటు కొట్టినట్టు ఉండేది. అలా ఒకరోజు సుత్తి దెబ్బ పక్కకు పోయి, పూర్తి కావచ్చిన నంది చెవి విరిగింది. పని ఎగ్గొట్టడానికి వేషాలేస్తున్నానని పెదనాన్న అందరి ముందూ తిట్టి, నన్ను రుబ్బురోళ్లు చెక్కే పనిలో కూర్చోబెట్టాడు. దేవుళ్లను చెక్కిన చేతికి రోళ్లు. అది నేను మరిచిపోలేదు.

నరసరావుపేటలో పళ్ల డాక్టరు రెండు దవడ పళ్లు పీకాడు. పళ్లు పోయాయి, నొప్పి పోలేదు. గుంటూరులో తలకు స్కాన్ తీసి ఏమీ లేదన్నారు. ఇక నోరు మూసుకోమని ఇంటిల్లిపాదీ చెప్పారు. నొప్పి తగ్గకపోతే నేను మళ్లీ దేవుడి బొమ్మ చెక్కలేను. అందుకే గుంటూరు డాక్టరు గది ముందు పోయి కూర్చోవడం మానలేదు. చివరికి ఆయన విసుగెత్తి, అయస్కాంతంతో తల లోపల ఫొటో తీసే కొత్త మిషను మద్రాసులో వచ్చిందని చెప్పి పంపాడు. నన్ను వదిలించుకోవడానికేనని నాకు తెలుసు.

తోడుగా పెదనాన్న వచ్చాడు. నా అబద్ధం బయటపడితే చూడాలని వచ్చాడని మా ఆవిడ అంది. నాకూ అలాగే అనిపించింది.

మిషను గది బయట ఒకాయన, ఒంట్లో ఎక్కడన్నా ఇనుము ఉందా అని తెలుగులోనే అడిగాడు. పెదనాన్న అందుకున్నాడు.

"ఏం లేదండీ. వాచీ, మొలతాడు అన్నీ తీసేశాడు."

పెదనాన్న కావాలని దాచలేదు. ఉలి నుంచి లేచిన రవ్వలు మా ఒంట్లో దిగితే పైన చర్మం మూసుకుపోతుంది. వాటిని మావాళ్లెవరూ ఇనుము కింద లెక్కెయ్యరు, పుట్టుమచ్చల్లా వదిలేస్తారు.

"ఉందండీ, కుడి కంటి దగ్గర," అన్నాను నేను. "తల చితికిన ఉలితో ఈయన పని చేయించినప్పుడు రవ్వ ఎగిరి గుచ్చుకుంది. నలుసేలే, కడుక్కోమన్నాడు."

"ఏందిరా, నీ పెళ్లి కాకముందు సంగతి ఇప్పుడు తీస్తావా?"

"ఇప్పుడే తియ్యాలి."

ఎక్స్‌రే తీస్తే రవ్వ కనుబొమ కింద కనిపించింది. అయస్కాంతం దాన్ని లాగి ఉంటే కన్ను పోయేదేమో అన్నారు. చిన్న గాటు పెట్టి రవ్వ తీశాక, మరోరోజు ఆ మిషను గొట్టంలో పడుకోబెట్టారు. దడదడమని ఒకటే మోత. రాళ్ల మధ్య పెరిగినవాణ్ణి, కదలకుండా ఉన్నాను.

ఫొటోలో గడ్డ ఉంది. మెదడు పక్క సందుల్లోకి పాకి చెంప నరాన్ని నొక్కుతోంది. పాత స్కాన్‌లో అది కూడా మెదడు చుట్టూ ఉండే నీళ్ల రంగులోనే ఉండి వాటిలో కలిసిపోయిందట. చాలా అరుదైన రకమని పెద్ద డాక్టరు విద్యార్థులను పిలిచి మరీ చూపించాడు. వాళ్లు ఆ ఫొటో మీదికి వంగుతుంటే నేను మంచం మీద నిటారుగా కూర్చున్నాను. అబద్ధాలకోరు తలను అంత శ్రద్ధగా ఎవరూ చూడరు.

ఆపరేషన్ తర్వాత చెంప కాస్త మొద్దుబారింది, నొప్పి మాత్రం పోయింది. కోలుకున్నాక ఆ ఫొటో ఫిల్మ్ దుర్గికి పట్టుకెళ్లి, నన్ను చూసి నవ్విన ప్రతివాణ్ణీ పిలిచి ఎండకు పెట్టి చూపించాను. పెదనాన్న చాలాసేపు చూశాడు.

"ఇంత చిన్నదానికా మమ్మల్ని అన్ని ఊళ్లు తిప్పింది?" అన్నాడు.

ఆ మాటా గుర్తు పెట్టుకున్నాను. ఫిల్మ్ మాత్రం ఆయన చేతికివ్వలేదు. చూడనివాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్లొచ్చేదాకా నేనే ఎండలో పట్టుకుని నిలబడ్డాను.